తానై పరుగెత్తిన ఎలుక, తరిమితే పరుగెత్తిన ఎలుక

గానుగెద్దు పొద్దస్తమానం నడుస్తుంది. కళ్ళకు గంతలు కట్టి వెనుకనుంచి అదిలిస్తూ ఉంటే, తిరిగిన చోటే తిరుగుతూ రోజుకు కొన్ని మైళ్ళ దూరం నడుస్తుంది. ఇప్పుడు కరెంటు గానుగలు వచ్చి ఆ దృశ్యం అరుదైనది గాని, చూసినవారు ఇంకా మనలో ఉన్నారు. అదే ఊళ్ళో సాయంకాలం వేళ, కడుపునిండా పాలు తాగిన లేగదూడ తోక పైకెత్తి దొడ్డి అంతా చెంగుచెంగున గంతులు వేస్తుంది. దాన్ని ఎవరూ తోలలేదు. దానివల్ల ఎవరికీ నూనె రాదు. ఎద్దు నడకా, దూడ గంతూ రెండూ కండరాల పనులే. రెండింటికీ ప్రాణవాయువు ఎక్కువ కావాలి, రెండింటిలోనూ గుండె వేగంగా కొట్టుకోవాలి. మరి ఈ రెండు పనులూ శరీరంపై ఒకే ముద్ర వేస్తాయా?

ఇది కవుల ప్రశ్నలాగా కనిపించవచ్చు గాని, నిజానికి శరీరధర్మశాస్త్రంలోని ప్రశ్న. నాకు దీన్ని గుర్తుచేసినవాడు మా కాలేజీలో ఇంటర్మీడియెట్ చదువుతున్న ఒక కుర్రవాడు. వ్యాయామం గురించి పాఠం చెబుతూ, “వ్యాయామం చేసిన ఎలుకలలో ఇటువంటి మార్పులు కనిపించినవి” అన్నాను. అతడు లేచి, “చేసినవా అండీ, చేయించారా?” అని అడిగాడు. క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఆ ప్రశ్న నవ్వి తోసివేయదగింది కాదని తోచింది. మన భాషలో ఈ తేడాను చెప్పడానికి వేరే మాట అక్కరలేదు. చేయడం, చేయించడం అని క్రియలోనే అది ఇమిడి ఉన్నది. పరిశోధనాపత్రాల శీర్షికలలో మాత్రం చాలాకాలం రెండింటికీ కలిపి ‘వ్యాయామం’ అనే ఒకే పేరు చెల్లిపోయింది.

ముందుగా ప్రయోగశాలలో ఎలుకలు ఎట్లా పరుగెత్తుతాయో చూద్దాం. ఇక్కడ రెండు జాతులను వేరుగా గుర్తుంచుకోవాలి. పావుకిలో, అంతకు మించి తూగే తెల్ల ఎలుక ఒకటి. ఇరవై, పాతిక గ్రాములు తూగే చిట్టెలుక మరొకటి. ఈ వ్యాసంలో చెప్పే ప్రయోగాలు కొన్ని ఎలుకలపైనా, కొన్ని చిట్టెలుకలపైనా జరిగినవి.

మొదటి సాధనం పరుగుచక్రం. బోనులో ఇరుసు మీద తేలికగా తిరిగే చక్రాన్ని అమర్చుతారు. ఎలుక అందులోకి ఎక్కి పరుగెత్తితే కాళ్ళ కింద చక్రం వెనక్కి తిరుగుతుంది. ఎన్ని చుట్లు తిరిగిందో ఒక మీటరు లెక్క కడుతుంది. చుట్ల సంఖ్యను చక్రపు చుట్టుకొలతతో గుణిస్తే దూరం వస్తుంది. ఎనిమిదో తరగతి లెక్క! ఎక్కడం, దిగడం, పరుగెత్తడం, మానడం పూర్తిగా జంతువు ఇష్టం. ఈ పద్ధతి పాతదే. 1898 నాటికే అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయంలో కాలిన్ స్టూవర్ట్ తిరిగే బోనులను వాడి, మద్యమూ వాతావరణ పీడనమూ ఆహారమూ మారితే జంతువుల రోజువారీ చలనం ఎట్లా మారుతుందో నమోదు చేశాడు.

చక్రం దొరికితే ఈ జంతువులు పరుగెత్తే తీరు ఆశ్చర్యం కలిగిస్తుంది. నా బొటనవేలంత పొడవు లేని కాళ్ళతో ఒక చిట్టెలుక ఒక్క రాత్రిలో నాలుగు నుంచి పది కిలోమీటర్ల దాకా పరుగెత్తడం మామూలు. ఎక్కడికీ పోవడం లేదు, ఏదీ దొరకడం లేదు, అయినా పరుగెత్తుతుంది. అదీ ఏకధాటిగా కాదు. కొద్దిసేపు వేగంగా పరుగెత్తి, దిగి, ఇంత తిని, ముక్కు తుడుచుకొని మళ్ళీ ఎక్కుతుంది. పగలు నిద్రపోతుంది. ఇవి నిశాచర జీవులన్న సంగతి మనం తరచు మరచిపోతాం. ఆ చక్రం జంతువుకు ఎంత ఇష్టమో 1954లో కాగన్, బెర్కున్ అనే ఇద్దరు మనస్తత్వశాస్త్రజ్ఞులు చూపారు. ఒక మీట నొక్కితేనే చక్రం తిరిగేటట్లు ఏర్పాటు చేయగా, ఎలుకలు ఆ మీట నొక్కడం నేర్చుకొన్నవి. ఆకలిగొన్న జంతువు తిండికోసం మీట నొక్కినట్లే, ఇవి పరుగుకోసం నొక్కినవి.

రెండవ సాధనం ట్రెడ్‌మిల్. ఇది మోటారుతో వెనక్కి కదిలే పట్టీ. దానిపై నిలబడిన ఎలుక ముందుకు పరుగెత్తకపోతే వెనక్కి కొట్టుకుపోతుంది. అక్కడ సన్నని లోహపు కడ్డీలు ఉంటవి. వాటిలో ప్రవహించే స్వల్ప విద్యుత్తు కాళ్ళకు చురుక్కుమనిపిస్తుంది. కొన్నిచోట్ల విద్యుత్తుకు బదులు గాలి ఊదడం, కుచ్చుతో తాకడం కూడా ఉన్నది. పట్టీ వేగం, ఏటవాలు, పరుగు కాలం అన్నీ పరిశోధకుడి చేతిలో ఉంటవి. సాధారణంగా ఈ పని పగటిపూట, అంటే ఎలుక నిద్రవేళలో, మన ఆఫీసు వేళలలో జరుగుతుంది. నీళ్ళ తొట్టిలో ఈదించడం కూడా ఈ తరగతిలోకే వస్తుంది. ఈదకపోతే మునిగిపోతుంది గనుక, అది ఐచ్ఛికం అనుకోవడానికి వీలులేదు.

ట్రెడ్‌మిల్ వాడేవారందరూ కఠినహృదయులని పాఠకులు అనుకోరాదు. శాస్త్రంలో కొలత ముఖ్యం. చక్రాలు పెడితే ఒక ఎలుక రాత్రికి పది కిలోమీటర్లు పరుగెత్తవచ్చు, పక్క బోనులోనిది రెండు కిలోమీటర్లతో సరిపెట్టుకోవచ్చు. ఆడ ఎలుకలు మగవాటికంటె ఎక్కువ పరుగెత్తుతాయి. వాటి ఋతుచక్రాన్ని బట్టి నాలుగైదు రోజులకు ఒకసారి ఆ పరుగు ఇంకా పెరుగుతుంది. ఇటువంటప్పుడు ‘ఇంత వ్యాయామానికి ఇంత ఫలితం’ అని చెప్పడం ఎట్లా? మందు మోతాదు రోగి ఇష్టానికి వదిలివేసిన వైద్యుడి స్థితి అవుతుంది. ట్రెడ్‌మిల్‌పై ప్రతి జంతువూ నిమిషానికి ఇన్ని మీటర్ల చొప్పున ఇన్ని నిమిషాలు పరుగెత్తిందని నిక్కచ్చిగా చెప్పవచ్చు. ఆ నిక్కచ్చితనానికి వెల ఏమిటన్నదే ఇక్కడి విషయం.

ట్రెడ్‌మిల్ మనకు నేర్పింది తక్కువ కాదు. 1967లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో జాన్ హాలోజీ ఎలుకలను పన్నెండు వారాలపాటు, వారానికి ఐదు రోజులు, క్రమంగా శ్రమ పెంచుతూ పరుగెత్తించాడు. చివరికి అవి నిమిషానికి 31 మీటర్ల వేగంతో రోజుకు రెండు గంటలు పరుగెత్తే స్థితికి వచ్చినవి. అప్పుడు వాటి పిక్క కండరాలను పరీక్షిస్తే, ప్రాణవాయువును వాడుకొనే శక్తి సోమరిగా ఉన్న ఎలుకల కండరాలకంటె సుమారు రెండింతలు కనిపించింది. కణంలో ఆహారాన్ని శక్తిగా మార్చే పొయ్యిలు మైటోకాండ్రియాలు. శిక్షణ పొందిన కండరంలో వాటి పదార్థమే పెరిగింది. కొత్తగా పొయ్యిలు లేచినవన్నమాట. శిక్షణవల్ల ఓర్పు ఎందుకు పెరుగుతుందో కణస్థాయిలో చూపిన మొదటి గట్టి నిదర్శనం ఇదే. నేటి వ్యాయామ జీవరసాయనశాస్త్రానికి ఈ పనే పునాది. అది తరిమితే పరుగెత్తిన ఎలుకలు ఇచ్చిన ఫలితం.

చక్రంలో తమంతట తాము పరుగెత్తిన జంతువులలోనూ ఇదే దిశలో మార్పులు వస్తవి. నాలుగు వారాలు చక్రం అందుబాటులో ఉంచితే చిట్టెలుక గుండె బరువు శరీరపు బరువుతో పోల్చినప్పుడు పెరుగుతుంది. కాలి కండరాలలో త్వరగా అలసిపోయే తంతువులు కొంతవరకు ఓర్పుగల తంతువులుగా మారతవి. కాబట్టి కండరం వరకు, గుండె వరకు చూస్తే ‘చేయడం’, ‘చేయించడం’ అనే భేదం పెద్దది కాదు. ఎంత వేగం, ఎంతసేపు అన్నదే లెక్క. సంకోచించమని ఆజ్ఞ వచ్చింది, కండరం సంకోచించింది. ఆ ఆజ్ఞ వెనుక కోరిక ఉన్నదా, కడ్డీలో కరెంటు ఉన్నదా అనేది దానికి పట్టదు.

కాని శరీరమంటే కండరమూ గుండే మాత్రమే కాదు.

1936లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో హన్స్ సెల్యె అనే శాస్త్రజ్ఞుడు ‘నేచర్’ పత్రికకు ఒక చిన్న లేఖ రాశాడు. ఎలుకలను చలికి గురిచేసినా, గాయపరచినా, విషం ఎక్కించినా, కారణం ఏదైనా శరీరంలో ఒకేరకం మార్పులు వస్తున్నవని అందులో చెప్పాడు. మూత్రపిండాల నెత్తిన ఉండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బుతాయి. ఛాతీలో గుండెకు పైన ఉండే థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది. జీర్ణాశయంలో పుండ్లు పడతాయి. తరువాతి కాలంలో ‘స్ట్రెస్’ అన్న మాట ఇంటింటికీ పాకడానికి మూలం ఈ లేఖే. ఆయన ఇచ్చిన కారణాల జాబితాలో చలి, గాయం, విషాలతోపాటు మరొకటి కూడా ఉన్నది: మితిమీరిన కండరశ్రమ. అనగా బలవంతపు వ్యాయామం ఆరోగ్యసాధనంగా పేరు పొందకముందే పీడనసాధనంగా శాస్త్రంలోకి ప్రవేశించింది.

ఈ మార్పులు జరిగే దారి ఇది. కష్టం ఎదురైనప్పుడు మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి కబురు పంపుతుంది. పిట్యూటరీ రక్తం ద్వారా అడ్రినల్‌కు కబురు పంపుతుంది. అడ్రినల్ కార్టికోస్టెరోన్ అనే హార్మోనును వదులుతుంది. మనిషిలో ఆ పని కార్టిసాల్ చేస్తుంది. కొద్దిసేపటికైతే ఇది మేలే. రక్తంలోకి చక్కెర వస్తుంది, శరీరం అపాయాన్ని ఎదుర్కొనడానికి సిద్ధమవుతుంది. వారాల తరబడి ఇదే సాగితే, ఎప్పుడూ పనిలో ఉన్న అడ్రినల్ పెరుగుతుంది. రోగనిరోధక కణాలకు బడిలాంటి థైమస్ క్షీణిస్తుంది.

2000 సంవత్సరంలో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొరాస్కా, ఫ్లెష్నర్, వారి సహచరులు ట్రెడ్‌మిల్ ఎలుకలను ఈ దృష్టితో పరిశీలించారు. ఎనిమిది వారాలు పరుగెత్తించిన ఎలుకలలో శిక్షణ చిహ్నాలు కనిపించినవి. వాటితోపాటు, ఎవరూ వ్యాయామ ఫలితాలుగా కోరుకోనివి కూడా కనిపించినవి. అడ్రినల్ పెరిగింది, థైమస్ తగ్గింది. రక్షణకణాలైన లింఫోసైట్లు వృద్ధిచెందే శక్తి మందగించింది. శరీరానికి కొత్తదైన ఒక ప్రోటీన్‌ను ఎక్కించి చూస్తే, దాన్ని ఎదుర్కొనే ప్రతిరక్షకాలు తగ్గిపోయినవి. సెల్యె జాబితాతో పోల్చుకోండి. ఒకే జంతువులో, ఒకే ఎనిమిది వారాలలో, శరీరం ఒక పక్క బలపడింది, మరొక పక్క పీడితమైంది. పరిశోధకులు పత్రం శీర్షికలోనే మంచిమార్పులూ చెడుమార్పులూ రెండూ కలుగుతున్నవని రాయడం నాకు నచ్చింది. ఫలితాలలో తీపి ముక్క మాత్రమే ఏరి చూపే అలవాటు శాస్త్రంలోనూ లేకపోలేదు.

అదే బృందం 2001లో చక్రంలో ఇష్టపూర్వకంగా పరుగెత్తిన ఎలుకలపై పనిని ప్రకటించింది. తప్పించుకోలేని విద్యుద్ఘాతాలకు గురైన మామూలు ఎలుకలో ఆ కొత్త ప్రోటీన్‌కు వ్యతిరేకంగా పుట్టే ప్రతిరక్షకాలు తగ్గుతాయి. ముందు కొన్ని వారాలు చక్రంలో పరుగెత్తినవాటిలో ఆ తగ్గుదల కలగలేదు. ఒక పరుగు తానే పీడనంగా మారితే, మరొక పరుగు పీడననుంచి కవచంగా నిలిచింది.

2013లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంనుంచి వచ్చిన ఒక పత్రం ఇంకా కఠినమైనది. చిట్టెలుకలకు తాగే నీటిలో ఒక రసాయనం కలిపి పెద్దప్రేగులో వాపు కలిగించారు. అంతకుముందు ట్రెడ్‌మిల్‌పై పరుగెత్తించిన చిట్టెలుకలలో వాపు మరింత తీవ్రమై, కొన్ని చనిపోయినవి. చక్రంలో పరుగెత్తినవాటిలో అదే వాపు తక్కువగా ఉన్నది. పరుగే కదా అనుకొంటే, ఒకచోట ప్రాణం తీసింది, మరొకచోట కాపాడింది.

ఇక్కడ పాఠం ముగించి, ‘ఇష్టమైన వ్యాయామం మంచిది, బలవంతపు వ్యాయామం చెడ్డది’ అని బోర్డుమీద రాసివేయవచ్చు. పరీక్షలో రెండు మార్కుల జవాబుకు అది చాలుతుందేమో గాని, నిజం అంత సులువుగా లొంగలేదు. చక్రంలో ఇష్టంగా పరుగెత్తే చిట్టెలుకల రక్తంలోనూ, పరుగుకు దిగే సాయంవేళ, కార్టికోస్టెరోన్ ఎక్కువగానే ఉంటుంది. హార్మోను పెరిగిందంటే బాధ పడుతున్నట్లే అనుకోవడం తొందరపాటు. పెళ్ళిపనులలో తిరిగేవాడికీ, అప్పులవాళ్ళను తప్పించుకు తిరిగేవాడికీ గుండె ఒకేలాగా కొట్టుకోవచ్చు. రక్తం చుక్కను మాత్రమే చూసి ఎవరు ఎవరో చెప్పలేం.

మెదడు విషయంలో చిక్కు ఇంకా పెరుగుతుంది. పెద్దయిన జంతువు మెదడులో కొత్త నాడీకణాలు పుట్టవని చాలాకాలం నమ్మారు. జ్ఞాపకశక్తికి సంబంధించిన హిప్పోకాంపస్ అనే భాగంలో పుడతాయని తరువాత తేలింది. 1999లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో హెన్రియెట్ వాన్ ప్రాగ్, గెర్డ్ కెంపర్‌మన్, ఫ్రెడ్ గేజ్ చిట్టెలుకలను కొన్ని జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు చక్రాలు ఇచ్చారు. ఒక జట్టును ఈదించారు. ఒక జట్టుకు నీటి తొట్టిలో దారి కనుక్కోవడం నేర్పారు. ఇంకొక జట్టుకు ఆటవస్తువులున్న విశాలమైన బోను ఇచ్చారు. చక్రం జట్టులో పుట్టి నిలిచిన కొత్త నాడీకణాలు సోమరి జట్టుకు సుమారు రెండింతలు. ఈదినవాటిలో పెరుగుదల లేదు. చాలామంది దీన్ని చూసి, ‘చూశారా, బలవంతపు వ్యాయామం మెదడుకు పనికిరాదు’ అన్నారు.

ఐతే ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే లోపం తడుతుంది. ఈదిన చిట్టెలుకలు రోజుకు కొద్దిసేపు మాత్రమే నీటిలో ఉన్నవి. పరుగెత్తినవి రాత్రంతా కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తినవి. అంటే బలవంతమూ ఇష్టమూ మాత్రమే కాదు, శ్రమ పరిమాణం కూడా రెంటిలోనూ వేరు. ఒక ప్రయోగంలో రెండు విషయాలు ఒకేసారి మారితే, ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పలేమని మనం ఉన్నత పాఠశాలలోనే నేర్పుతాం.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి 2008లో లీజర్, జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు మోటారుతో తిరిగే చక్రాలను వాడారు. ఒక జట్టు ఎలుకలు మామూలు చక్రాలలో తమ ఇష్టం వచ్చినంత పరుగెత్తినవి. రెండవ జట్టును అంతే దూరం మోటారు చక్రాలలో పరుగెత్తించారు. దూరం సమానం గాని తీరు వేరు. ఇష్టపూర్వకంగా పరుగెత్తినవి వేగంగా కొద్దిసేపు, మోటారు చక్రంలోనివి నిదానంగా ఎక్కువసేపు పరుగెత్తినవి. ఎనిమిది వారాల తరువాత చూస్తే, కొత్త నాడీకణాలు బలవంతంగా పరుగెత్తించిన ఎలుకలలోనే ఎక్కువగా ఉన్నవి! కాని ఆ ఎలుకలనే ఒక విశాలమైన బయలు పెట్టెలో వదిలితే, ఆందోళన లక్షణాలు ఎక్కువగా చూపినవి. కొత్త కణాలు పుట్టడమూ, జంతువు నిబ్బరంగా ఉండడమూ ఒకటి కాదని దీనివల్ల తెలిసింది.

అంతకు రెండేళ్ళముందే, 2006లో, ప్రిన్స్‌టన్‌లో స్ట్రానహన్, ఖలీల్, గూల్డ్ మరొక విచిత్రం గమనించారు. తోటి ఎలుకలతో కలిసి ఉన్నప్పుడు చక్రం కొత్త నాడీకణాలను త్వరగా పెంచింది. ఒంటరి బోనులో ఉన్న ఎలుక తన ఇష్టంతోనే పరుగెత్తినా ఆ మేలు ఆలస్యంగా గాని కలగలేదు. చక్రం ఉన్న బోనులలో సాధారణంగా ఒక్కొక్క ఎలుకనే ఉంచుతారని ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. లేకపోతే ఎవరు ఎంత పరుగెత్తారో లెక్క తేలదు. అందువల్ల ‘స్వచ్ఛందం’ అని మనం పేరుపెట్టిన జట్టులో ఏకాంతవాసం అనే నిర్బంధం రహస్యంగా కలిసి ఉంటుంది.

అసలు ఇష్టం అన్నది జంతువులో ఎంత బలమైనదో చూడాలంటే 1967కు మళ్ళీ వెళ్ళాలి. హాలోజీ పత్రం వచ్చిన ఆ సంవత్సరమే లీ కవనౌ అనే జీవశాస్త్రజ్ఞుడు ‘సైన్స్’ పత్రికలో తెల్లకాళ్ళ చిట్టెలుకల నడవడిని వర్ణించాడు. ఇవి ప్రయోగశాలలో తరతరాలుగా పెంచినవి కావు, అడవిజాతి. మోటారుతో తిరిగే చక్రాన్ని అవి స్వయంగా మీట నొక్కి నడపగలవు, ఆపగలవు. తమంతట తాము మోటారు నడుపుకొని అందులో ఇష్టంగా పరుగెత్తేవి. అదే మోటారును ప్రయోగకర్త నడిపితే మాత్రం వెంటనే మీట నొక్కి ఆపివేసేవి. చక్రం అదే, వేగం అదే, తేడా ఒక్కటే. మీట నొక్కింది ఎవరు? గూటిలోంచి బయటికి వచ్చిన చిట్టెలుకను తిరిగి గూటిలో పెడితే తక్షణం బయటికి వచ్చేది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. ఇంట్లో రెండేళ్ళ పిల్లవాడు ఉన్నవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు.

కవనౌ పని చదివినవారికి కీలకం అధికారంలోనే ఉన్నదని, పరుగు ఎవరి చేతిలో ఉంటే వారిదే మేలని తోస్తుంది. నాకూ అట్లాగే తోచింది. ఆ ఊహను నేరుగా పరీక్షించింది 2013లో ప్రకటితమైన గ్రీన్‌వుడ్, ఫ్లెష్నర్ బృందపు ప్రయోగం. ఆరు వారాలపాటు ఒక జట్టు ఎలుకలు ఇష్టపూర్వకంగా చక్రంలో పరుగెత్తినవి. ఒక జట్టును మోటారు చక్రంలోనూ, మరొక జట్టును ట్రెడ్‌మిల్‌పైనా పరుగెత్తించారు. ఇంకొక జట్టు ఊరకే ఉన్నది. తరువాత అన్నింటినీ తప్పించుకోలేని విద్యుద్ఘాతాలకు గురిచేసి, మరునాడు పరీక్షించారు. ఇటువంటి ఘాతాల తరువాత మామూలు ఎలుక, తప్పించుకొనే దారి ఉన్నా, దాన్ని నేర్చుకోలేక కూలబడిపోతుంది. భయం కూడా అతిగా పట్టుకొంటుంది. ఇష్టపూర్వకంగా పరుగెత్తిన ఎలుకలు అట్లా కాలేదు. అంతవరకు అనుకొన్నదే. కాని మోటారు చక్రంలో బలవంతంగా పరుగెత్తించినవి కూడా అట్లా కాలేదు! ట్రెడ్‌మిల్ ఎలుకలకు మాత్రమే రక్షణ దొరకలేదు. ఏది తన అదుపులో ఉన్నది, ఏది లేదు అని లెక్కకట్టే మెదడు ముందు భాగాన్ని దెబ్బతీసి చూసినా, చక్రం ఇచ్చిన రక్షణ పోలేదు.

దీని అర్థం తేలికగా తీసివేయరానిది. పరుగును ఎంచుకొనే స్వేచ్ఛ ఈ రక్షణకు తప్పనిసరి కాదు. కనీసం ఎలుకలో, కనీసం ఈ పరీక్షలో. అయితే మోటారు చక్రానికీ ట్రెడ్‌మిల్‌కీ తేడా ఎక్కడున్నది? మోటారు చక్రాలను ఎలుకలు సహజంగా పరుగెత్తే తీరుకు దగ్గరగా ఉండేటట్లు నడిపారు. ట్రెడ్‌మిల్ ఆగని పట్టీ, దాని వేగం మనిషి నిర్ణయించిన వేగం. నా మట్టుకు నాకు, ‘ఎవరు ఆజ్ఞాపించారు’ అన్న ప్రశ్నకంటె ‘ఆ పరుగు ఎలుక పరుగులాగా ఉన్నదా’ అన్న ప్రశ్నే సరైనదని అనిపిస్తున్నది. గానుగెద్దు సంగతీ ఇంతేనేమో. దాని కష్టం తోలడంలో ఎంతో, గంతలలోనూ తెగని చుట్టులోనూ అంత ఉండవచ్చు.

ఇష్టమైన పరుగు ఎల్లప్పుడూ మేలే చేస్తుందన్నది కూడా నిజం కాదు. 1967లోనే రూటెన్‌బర్గ్, కుజ్నెసోఫ్ చేసిన పని ఇందుకు సాక్ష్యం. రోజుకు ఒక గంట మాత్రమే తిండి పెడితే ఎలుక ఆ గంటలోనే తినడం నేర్చుకొని బతుకుతుంది. అదే తిండివేళతో బోనులో చక్రం కూడా పెడితే, ఎలుక రోజురోజుకూ ఎక్కువగా పరుగెత్తుతూ, దొరికిన గంటలో తక్కువ తింటూ, చిక్కి చనిపోతుంది. దాన్ని ఎవరూ తరమలేదు. పరుగు మీది కోరిక వంశపారంపర్యంగా కూడా వస్తుంది. థియోడోర్ గార్లండ్ 1993నుంచి, ఎక్కువ పరుగెత్తే చిట్టెలుకలను ఏరి జతకట్టిస్తూ, మామూలు వాటికి రెండున్నర, మూడు రెట్లు పరుగెత్తే వంశాలను తయారుచేశాడు. అటువంటి వంశంలో పుట్టిన చిట్టెలుక చక్రమెక్కితే, ఆ ఇష్టం దాని సొంతమనాలా, దాని తాతలదనాలా?

చక్రంలో పరుగెత్తడం బోనులో విసుగెత్తిన జంతువు చేసే వెర్రిచేష్ట మాత్రమేనని కొందరు వాదిస్తూ వచ్చారు. దీనికి 2014లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నుంచి మైయర్, రాబర్స్ అనే ఇద్దరు చక్కని జవాబు చెప్పారు. వారు ఊరి పచ్చికబయలులోనూ, జనం తిరగని ఇసుకదిబ్బలలోనూ చక్రాలు పెట్టి, రాత్రి చీకటిలో చూసే కెమెరాలు అమర్చారు. బోను లేదు, తలుపు లేదు. అడవి చిట్టెలుకలు వచ్చి, ఎక్కి, పరుగెత్తినవి. కొన్ని ఒక్క విడతలో 18 నిమిషాల దాకా పరుగెత్తినవి. ఎరగా పెట్టిన తిండి తీసివేసిన తరువాత కూడా పరుగు పూర్తిగా ఆగలేదు. చుంచులు ఎక్కినవి, కప్పలు ఎక్కినవి, గుల్లలేని నత్తలు కూడా ఎక్కినవి. నత్తకు వ్యాయామేచ్ఛ ఉన్నదని నేను అనను గాని, చిట్టెలుకలు మాత్రం మళ్ళీ మళ్ళీ ఎక్కినవి.

ఉపాధ్యాయులు ఈ సంగతులు చదివి, రేపటినుంచి డ్రిల్లు పీరియడు రద్దుచేయమంటారేమోనని నాకు కొంచెం భయం ఉన్నది. పిల్లలు తోటివారితో కలిసి, పగటివేళ, కేకలు వేసుకొంటూ మైదానంలో చేసే కసరత్తుకు ట్రెడ్‌మిల్‌తో పోలిక లేదు. ఆజ్ఞ ఇచ్చేవారు వేరొకరైనంత మాత్రాన కడ్డీలోని కరెంటు అక్కడికి రాదు. ఎలుక ఫలితాన్ని మనిషికి అన్వయించేముందు, ఆ ఎలుకను ఏ వేళ, ఎట్లా, ఎంతసేపు, ఎవరి తోడుతో పరుగెత్తించారో అడిగి తెలుసుకోవాలి.

ఇంత చదివిన తరువాత ఆ కుర్రవాడిని పిలిచి, “కొన్నిచోట్ల చేసినవి, కొన్నిచోట్ల చేయించారు, రెండూ ఒకటి కావు, అంత వేరూ కావు” అని చెప్పాను. అతడు తృప్తిపడక, “మరి ఏ జట్టులోనూ పరుగెత్తకుండా ఊరకే కూర్చున్న ఎలుక సంగతి ఏమిటండీ?” అన్నాడు.

ప్రయోగాలన్నింటిలో ఫలితాలను పోల్చి చూసేది ఆ ఎలుకతోనే. దాన్నే మనం మామూలు ఎలుక అంటాం. చెప్పుల పెట్టెకంటె కొంచెం పెద్దదైన బోనులో, ఎదురుగా ఎప్పుడూ తరగని తిండితో, ఎక్కడానికీ తవ్వడానికీ దాక్కోవడానికీ ఏమీ లేకుండా అది పెరుగుతుంది. 2010లో మార్టిన్, మాట్సన్, వారి సహచరులు ఇటువంటి ప్రయోగశాల జంతువులు ఆరోగ్యవంతమైనవి కావని, లావెక్కి, చక్కెరను సరిగా వాడుకోలేక, ముందుగానే చావడానికి సిద్ధంగా ఉన్నవని పత్రం రాశారు. అట్లా అయితే, చక్రం పెట్టగానే గుండె బాగుపడింది, మెదడు బాగుపడింది అని మనం చెప్పుకొనే లెక్కలలో, చక్రం కొత్తగా ఇచ్చింది ఎంత, బోను తీసుకొన్నదాంట్లో తిరిగి వచ్చింది ఎంత అన్నది విడదీయవలసి ఉన్నది. తిరగడానికి చోటూ తోడూ ఉన్న పెద్ద ఆవరణలలో పెంచిన ఎలుకలతో పోల్చి చూడడమే దానికి మార్గమని ఆ కుర్రవాడితో చెప్పాను. అటువంటి ఆవరణకు ఎంత స్థలం కావాలని అతడు అడిగాడు. మా జంతుశాస్త్రం గది కొలతలు తీసుకోవడానికి ఇద్దరం టేపు తెచ్చుకొన్నాం.